తోట గాలిమర పని డైరీ: పాతదానికి మరమ్మతు, ఆపై కొత్త చక్రం

అనంతపురం శివార్లలో, కళ్యాణదుర్గం రోడ్డు వైపున ఉన్న మా అన్నగారి తోటలో చాలా ఏళ్లుగా నిలిచి ఉన్న ఒక అలంకార గాలిమరను బాగుచేయడంతో ఈ పని మొదలైంది. అది బాగుపడక, చివరికి దాని స్థానంలో కొత్తది కట్టడంతో ముగిసింది. నీళ్లు తోడని, కరెంటు పుట్టించని గాలిమర కాబట్టి ఎలా కట్టినా తిరుగుతుందన్న అభిప్రాయం మా వైపు చాలామందిలో ఉంది. అలంకారానికి కట్టిన చక్రానికి అసలు ప్రమాదం అదే: పని లేని చక్రానికి వేగాన్ని అదుపు చేసేది ఏదీ ఉండదు. ఇటువంటిది కట్టదలచినవారు కొలతలను నేరుగా వాడుకునేందుకు వీలుగా, విఫలమైన భాగాలను కూడా వివరంగా రాస్తున్నాను.

దశ 1: విప్పి చూసినప్పుడు

పాత చక్రం వ్యాసం 90 సెంటీమీటర్లు. ఎనిమిది చదును రేకు రెక్కలు, సైకిలు ముందు చక్రపు హబ్ (ఇరుసు, గోళీలు ఉండే నడిమి భాగం), ఒంటి గొట్టపు స్తంభం, దాని తలపై గాలి దిశకు తిరగడానికి గొట్టంలో గొట్టం. ఒక్కొక్క భాగం ఎక్కడ దెబ్బతిన్నదో చూస్తే తరువాతి పని మొత్తానికి దారి దొరికింది.

హబ్‌లోని ఇరుసు మందం 8 మిల్లీమీటర్లే. సైకిలులో ఆ ఇరుసును ఫోర్కు రెండు వైపులా పట్టుకుంటుంది. ఇక్కడ ఒక్క వైపే బిగించి, బరువంతా రెండవ వైపు వేలాడదీశారు. ఇరుసు వంగింది, కప్పుల్లో గుంటలు పడ్డాయి, గోళీలు సగానికి పైగా పగిలి పొడి అయ్యాయి. ఎనిమిది రెక్కల్లో అయిదింటికి మొదలు దగ్గర, వెల్డింగు అంచు వెంబడి, వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయి. కిరోసిన్ పూసి తుడిచి, పైన సుద్ద పొడి చల్లితే, పగులులో దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి గీతలా కనిపిస్తుంది. కంటికి ఆనని పగుళ్లు పట్టుకోవడానికి ఇంతకంటే చౌకైన పద్ధతి లేదు.

తల తిరిగే చోట ఒక అంగుళం గొట్టం వెలుపలి వ్యాసం 33.7 మిల్లీమీటర్లు, దానిపై తొడిగిన ఒకటింబావు అంగుళం గొట్టం లోపలి వ్యాసం 36. అంటే 2.3 మిల్లీమీటర్ల వదులు. చక్రం తిరుగుతున్నంతసేపూ తల ఊగి, లోపలి గొట్టం అంచు ఒక పక్క కత్తిలా అరిగిపోయింది. రెక్కల కోణాలను కోణమానినితో కొలిస్తే 17 నుంచి 24 డిగ్రీల దాకా ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా ఉన్నాయి. సగటు 20 డిగ్రీలు. ఈ డైరీలో కోణం అన్నప్పుడల్లా చక్రం తిరిగే సమతలానికీ రెక్కకూ మధ్య ఉన్న కోణమని అర్థం.

దశ 2: ఉన్న రూపంలోనే మరమ్మతు

1. పగిలిన రెక్కల మొదళ్లను గ్రైండరుతో శుభ్రం చేసి, మళ్లీ వెల్డింగు చేయించాను.
2. హబ్‌కు కొత్త ఇరుసు, కోనులు, గోళీలు వేసి గ్రీజు నింపాను.
3. తుప్పును వైరు బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన ఎనామిల్ రంగు వేశాను.
4. తలను పాత గొట్టం మీదే, కొంచెం గ్రీజు పట్టించి నిలబెట్టాను.

ఖర్చు రూ. 1,140.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు గాలివానలకు ఇది తట్టుకుంది. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చాక కథ మారింది. మా జిల్లా వర్షచ్ఛాయలో ఉంది. ఆ మేఘాలు ఇక్కడ కురిసేది తక్కువ, వాటి వెంట వచ్చే గాలి మాత్రం ఆషాఢమంతా రాత్రీ పగలూ ఎడతెగదు. ఒక ఉదయం చూస్తే ఒక రెక్క లేదు; అది మల్లె మళ్లకు అవతల, స్తంభానికి దూరంగా నేలలో దిగబడి ఉంది. విరిగినది కొత్త వెల్డింగు దగ్గర కాదు, దాని పక్కన వేడికి గుల్లబారిన రేకు దగ్గర. పలుచని రేకును నేరుగా వెల్డు చేస్తే పగులు తన చోటు మార్చుకుంటుంది తప్ప పోదు. ఆ తోటలో పిల్లలు ఆడుకుంటారు కాబట్టి, వేగం సంగతి తేలేదాకా చక్రాన్ని తాడుతో కట్టివేశాను.

దశ 3: వేగం కొలత, కోణం లెక్క

చేతితో పట్టుకునే చిన్న గాలివేగ మాపకం కొన్నాను (రూ. 1,250, ఇంతవరకు మొత్తం రూ. 2,390). మిగిలిన ఏడు రెక్కల్లో విరిగినదానికి ఎదురుగా ఉన్నదాన్ని కూడా తీసివేసి, ఆరు రెక్కలతో, మెల్లని గాలిలో మాత్రమే తిప్పి చూశాను. ఒక రెక్క కొనకు ఎర్రరంగు వేసి, ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి చుట్లు లెక్కించాను. సెకనుకు 5 మీటర్ల గాలికి, అంటే గంటకు 18 కిలోమీటర్లకు, చక్రం నిమిషానికి సుమారు 250 చుట్లు తిరిగింది.

దీనికి కారణం సులభమైనదే. తిరిగే రెక్కకు రెండు గాలులు తగులుతాయి: ఎదురుగా వచ్చే అసలు గాలి, తన చలనం వల్ల పక్కనుంచి తగిలే గాలి. వేగం పెరిగేకొద్దీ ఈ రెండూ కలిసిన గాలి వాలుతూ వాలుతూ రెక్క తలానికి సమాంతరమవుతుంది. అప్పుడు తోసే బలం ఉండదు, వేగం అక్కడితో ఆగుతుంది. అందువల్ల ఏ పనీ లేని చక్రంలో రెక్క కొన వేగాన్ని గాలి వేగంతో భాగిస్తే వచ్చే గరిష్ఠ నిష్పత్తి, 1ని ఆ కోణపు ట్యాన్జెంట్‌తో భాగించినంత. 20 డిగ్రీలకు ఇది 2.75, 40 డిగ్రీలకు 1.19.

సెకనుకు 12 మీటర్ల గాలిలో ఈ తేడా ఏమి చేస్తుందో చూడండి.

20 డిగ్రీలు: కొన వేగం సెకనుకు 33 మీటర్లు, నిమిషానికి 700 చుట్లు.
40 డిగ్రీలు: కొన వేగం సెకనుకు 14.3 మీటర్లు, నిమిషానికి 303 చుట్లు.

150 గ్రాముల రెక్క, దాని బరువు కేంద్రం ఇరుసు నుంచి 32 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, మొదటి సందర్భంలో అది మొదలును దాదాపు 26 కిలోల బరువుతో లాగుతుంది. రెండవదానిలో 5 కిలోలకు మించదు. గంటకు 119 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న రేకు తోటలో ఎవరికి తగిలినా ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

నీళ్లు తోడే గాలిమరకు పంపు కడ్డీ భారం ఎప్పుడూ ఉంటుంది. 1980లలో మన దేశంలో ప్రభుత్వ పథకం కింద పొలాల్లో నిలబెట్టిన, 12 రెక్కలు, 5 మీటర్ల వ్యాసం గల నమూనా చక్రం ఆ భారంతోనే తిరిగేది. 1990లలో రామగిరి కొండల మీద నిలబెట్టినటువంటి విద్యుత్ గాలిమరలకు జనరేటరు భారంతో పాటు, గాలి మితిమీరినప్పుడు ఆపివేసే ఏర్పాటు కూడా ఉంటుంది. మన అలంకార చక్రానికి రెండూ లేవు. కోణం పెంచితే పనిచేసే సామర్థ్యం తగ్గుతుంది, నిజమే. కానీ మనకు సామర్థ్యంతో అవసరం లేదు. పైగా నిలిచిన చక్రాన్ని కదిలించే బలం ఎక్కువ కోణంలోనే ఎక్కువ, కాబట్టి సన్నని గాలికి కూడా కదులుతుంది. కొత్త చక్రాన్ని 40 డిగ్రీలతో కట్టాలని ఇక్కడే నిర్ణయించాను.

దశ 4: కొత్త చక్రం

వ్యాసం 90 సెంటీమీటర్లే, రెక్కలు 12. రేకు 0.63 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనుము). ఒక్కొక్క రెక్క పొడవు 30, మొదలు దగ్గర వెడల్పు 6, కొన దగ్గర 14 సెంటీమీటర్లు. బరువు 150 గ్రాములకు ఇటూ అటూ. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ముక్కలో 12 రెక్కలూ, తోకకు కావలసిన రేకూ వస్తాయి, రెక్కలను ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా గీసుకుంటే వృథా తగ్గుతుంది.

రెక్కలను కొద్దిగా వంచడం అవసరం. అమెరికాలో థామస్ పెర్రీ 1882–83లో 61 చక్రాల మీద 5,000కు పైగా పరీక్షలు చేసి, వంపు తిరిగిన ఉక్కు రెక్కలు చదును చెక్క రెక్కల కంటే ఎంతో మేలని తేల్చాడు. 1888 నుంచి అక్కడి పొలాల్లో నిలిచిన ఉక్కు గాలిమరలకు ఆ ఫలితాలే ఆధారం. మనకు వంపు కావలసింది మరొక కారణానికి: వంచిన రేకు బిర్రుగా ఉంటుంది, గాలికి తపతప కొట్టుకోదు. బోరుబావికి దించే 180 మిల్లీమీటర్ల కేసింగు పైపు ముక్క మా ప్రాంతంలో ఏ తోటలోనైనా దొరుకుతుంది. రేకును దానిపై పరచి అరచేతులతో అదిమితే, వదలగానే కొంత వెనక్కి విచ్చుకుని, కొన దగ్గర 12 మిల్లీమీటర్ల లోతు వంపు నిలుస్తుంది. అట్టతో ఒక అచ్చు కత్తిరించుకుని ప్రతి రెక్కనూ దానితో సరిచూశాను.

1. 3 మిల్లీమీటర్ల ఇనుప పలకతో 30 సెంటీమీటర్ల వ్యాసపు బిళ్ల కోయించాలి.
2. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం గల పట్టీలను 28 సెంటీమీటర్ల పొడవున 12 ముక్కలు చేయాలి.
3. ప్రతి పట్టీని వైసులో బిగించి, బిళ్ల అంచు వచ్చే చోట మెలితిప్పాలి. ఇనుము వెనక్కి వస్తుంది కాబట్టి 43 లేదా 44 డిగ్రీల దాకా తిప్పితే 40 దగ్గర నిలుస్తుంది. ఒక డిగ్రీకి మించి తేడా ఉన్న పట్టీని మళ్లీ సరిచేయాలి.
4. పట్టీ 12 సెంటీమీటర్లు బిళ్లపైన, 16 సెంటీమీటర్లు రెక్క వెనుక ఉండేలా బోల్టులు వేయాలి.
5. ఇరుసు నుంచి 33 సెంటీమీటర్ల దూరంలో 6 మిల్లీమీటర్ల కడ్డీని వలయంగా చేసి, అన్ని రెక్కలకూ వెనుక వైపున కలపాలి.

రెక్కలను పట్టీలకు బిగించడానికి మొదట 4 మిల్లీమీటర్ల అల్యూమినియం రివెట్లు వాడాను. అవి త్వరగానే వదులయ్యాయి. రివెట్ చుట్టూ నల్లని పొడి కనిపిస్తే లోపల రాపిడి జరుగుతోందని అర్థం. అన్నిటినీ డ్రిల్లుతో తీసివేసి, 5 మిల్లీమీటర్ల బోల్టులు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉండి సులభంగా వదులు కానివి), రేకు వైపు వెడల్పాటి వాషర్లు వేశాను. రేకుకు ఎక్కడా వెల్డింగు లేదు. జీఐ రేకును వెల్డు చేస్తే వెలువడే జింకు పొగ పీల్చినవారికి చలిజ్వరం వస్తుంది; గొట్టాల దగ్గర వెల్డింగు తప్పని చోట ఆ పూతను గ్రైండరుతో పూర్తిగా తీసి, ఆరుబయట మాత్రమే చేయించాను.

చక్రాన్ని ఇరుసుపై వదిలితే బరువైన పక్క కిందికి వచ్చి ఆగుతుంది. ఎదుటి పక్క వలయానికి వాషర్లు కట్టి, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా సరిచేశాను. 38 గ్రాములు పట్టాయి. చూడడానికి స్వల్పమే, కానీ నిమిషానికి 300 చుట్ల దగ్గర ఆ 38 గ్రాములు ఒకటింబావు కిలో బలంతో స్తంభం తలను చుట్టూ గుంజుతాయి.

దశ 5: ఇరుసు, బేరింగులు

ఈ భాగంలో పొదుపు చేయకూడదు. పాతూరులోని ఒక లేత్ షాపు పెద్దాయన నేను గీసిన పటం చూసి, "ఒక్క బేరింగుతో అయితే తల ఊపుతుంది సార్, రెండు వేసి మధ్యలో బెత్తెడైనా ఎడం పెట్టండి" అన్నారు. ఆ మాట ప్రకారమే 20 మిల్లీమీటర్ల బ్రైట్ బారును (నునుపైన ఇనుప కడ్డీ) 25 సెంటీమీటర్ల పొడవున ఇరుసుగా తీసుకుని, రెండు యూసీపీ 204 ప్లమ్మర్ బ్లాకులను (గూడులో అమర్చిన బేరింగులు) 10 సెంటీమీటర్ల ఎడంతో 6 మిల్లీమీటర్ల పలకపై బిగించాను. చక్రపు బిళ్ల ముందు బేరింగుకు 6 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. ఈ బ్లాకులు ఇరుసు కాస్త వంకరగా కూర్చున్నా సర్దుకుంటాయి, గ్రీజు నిపిల్ ఉంటుంది, దుమ్మును ఆపే సీలు ఉంటుంది.

కొత్త సీళ్లు మాత్రం బిగువుగా ఉంటాయి. సెకనుకు 3.1 మీటర్ల గాలి వస్తే గానీ చక్రం కదలలేదు. ఇరుసును డ్రిల్లు మిషనుకు బిగించి అరగంట తిప్పిన తరువాత 2.4 మీటర్లకే కదలసాగింది. బేరింగు లోపలి వలయాన్ని ఇరుసుకు పట్టే చిన్న స్క్రూలు వదులయ్యే స్వభావం కలవి. వాటి కింద ఇరుసుపై ఆకురాయితో చిన్న చదును చేసి, స్క్రూకు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) వేయాలి.

రేకు రూ. 350, బోల్టులు, నట్లు, వాషర్లు రూ. 260, బ్లాకులు రూ. 560, ఇరుసు రూ. 120, బిళ్ల, పట్టీలు, కడ్డీ రూ. 300, లేత్ పని రూ. 700. ఇంతవరకు మొత్తం రూ. 4,680.

దశ 6: తల, తోక

పాత పద్ధతిలోని గొట్టాలనే కొత్తవి తీసుకుని, మధ్యనున్న 2.3 మిల్లీమీటర్ల వదులును రెండు నైలాన్ బుష్షులతో (గొట్టంలాంటి తొడుగులు) పూరించాను: పై గొట్టంలో పైన ఒకటి, కింద ఒకటి, లోపలి వ్యాసం 34 మిల్లీమీటర్లు. ఇప్పుడు మిగిలిన వదులు 0.3 మాత్రమే. తల బరువు బుష్షుల మీద పడకుండా, లోపలి గొట్టానికి వెల్డు చేసిన ఒక కాలరుపై నిలువు బరువును మోసే 51107 థ్రస్ట్ బేరింగు కూర్చోబెట్టి, దానిపై తలను దించాను. ఈ బేరింగు లోపలి వ్యాసం 35, గొట్టం 33.7, సన్నని డబ్బా రేకును చుట్టి ఆ ఎడం సరిచేశాను. థ్రస్ట్ బేరింగుకు సీలు ఉండదు కాబట్టి, వాననీరు, ఎర్రమన్ను పడకుండా పై గొట్టానికి గంటలాంటి రేకు అంచు తప్పనిసరి.

తోకను మొదట 400 చదరపు సెంటీమీటర్లతో చేశాను. గాలి తగ్గి మళ్లీ లేచినప్పుడల్లా చక్రం వెనక్కి తిరిగి, గాలికి వీపు పెట్టి ఆగిపోయేది. దాన్ని 800కు పెంచి, తోక మధ్యభాగం స్తంభానికి 75 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా జరిపాక కుదురుకుంది. ఆరు కిలోల చక్రం ముందు వేలాడుతుంది కాబట్టి తల ముందుకు తూగుతుంది. తోక కడ్డీపై, స్తంభానికి 50 సెంటీమీటర్ల దూరంలో అర కిలో ఇనుప ముక్క బిగించి తూకం సరిచేశాను.

తోక మొదలు దగ్గర ఒక కీలు, రెండు రంధ్రాలు, ఒక పిన్ను ఉన్నాయి. పిన్ను మొదటి రంధ్రంలో ఉంటే తోక నేరుగా వెనక్కి ఉంటుంది. రెండవ రంధ్రంలో పెడితే తోక చక్రానికి సమాంతరంగా మడుచుకుంటుంది, అప్పుడు చక్రం గాలికి అంచు చూపి దాదాపు నిలిచిపోతుంది. వ్యవసాయ గాలిమరలను ఆపే పాత పద్ధతి ఇదే. ఊరికి వెళ్లేటప్పుడు, గాలివాన సూచన ఉన్నప్పుడు పిన్ను మార్చాలి.

బేరింగు రూ. 220, నైలాన్ రూ. 180, గొట్టాలు రూ. 310, లేత్ పని రూ. 400. మొత్తం రూ. 5,790.

దశ 7: స్తంభం, పునాది

సెకనుకు 20 మీటర్ల గాలిలో చక్రాన్ని పూర్తిగా అడ్డుపెట్టిన బిళ్లగా భావిస్తే దానిపై పడే తోపు సుమారు 14 కిలోలు. ఇరుసు నేల నుంచి 2.7 మీటర్ల ఎత్తున ఉంది. నాలుగు కాళ్ల మధ్య ఎడం 60 సెంటీమీటర్లు అయితే, గాలి వచ్చే వైపున్న రెండు కాళ్లనూ పైకి లాగే బలం 64 కిలోలు, అంటే కాలుకు 32. ఒక్కొక్క కాలి కింద 30 సెంటీమీటర్ల చదరం, 45 సెంటీమీటర్ల లోతు కాంక్రీటు దిమ్మె బరువు 97 కిలోలు. ఇంతకంటే చిన్నవి చాలుతాయనిపించినా తగ్గించలేదు. మా తోటలో కొద్ది లోతులోనే గరుసు తగులుతుంది కాబట్టి దిమ్మెలు కుదురుగా ఉన్నాయి. తాడిపత్రి వైపు నల్లరేగడి నేలల్లో కట్టేవారు, వానకు ఉబ్బి ఎండకు బీటలు వారే పొరను దాటి గరుసు తగిలేదాకా తవ్వాలి.

స్తంభానికి 25 మిల్లీమీటర్ల యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుము), 3 మిల్లీమీటర్ల మందం, ఆరు మీటర్ల బద్దలు మూడు, బరువు 19.8 కిలోలు, అడ్డ పట్టీలు 6 కిలోలు. దిమ్మెల్లో 12 మిల్లీమీటర్ల జె బోల్టులు. ఎండల్లో పని కాబట్టి ఏడు రోజులు గోనెపట్టాలు కప్పి నీళ్లు పెట్టాను. స్తంభాన్ని తూకుగుండుతో సరిచూడడం ముఖ్యం: అది కొంచెం ఒరిగినా, గాలి లేనప్పుడు తల తనంతట తానే పల్లానికి తిరుగుతుంది.

ఇనుము రూ. 1,754, వెల్డింగు రూ. 1,500, బోల్టులు రూ. 240, సిమెంటు, ఇసుక, కంకర రూ. 1,220. మొత్తం రూ. 10,504.

దశ 8: రంగు

మరమ్మతు చేసిన పాత రెక్కల మీది రంగు ఒక్క వేసవికే ఉల్లిపొరలా లేచిపోయింది. రంగు నాసిరకమని అనుకోవద్దు. మామూలు ఎనామిల్, రెడ్ ఆక్సైడ్ రెండింటిలోనూ నూనె ఆధారపు జిగురు ఉంటుంది. అది జీఐ పూతలోని జింకుతో చర్య జరిపి, మధ్యలో సబ్బులాంటి పొరను తయారుచేస్తుంది. ఆ పొర మీద ఏదీ నిలవదు. ఇనుప యాంగ్లరుకు రెడ్ ఆక్సైడ్ చక్కగా సరిపోతుంది, జీఐ రేకుకు పనికిరాదు.

1. రేకును సబ్బునీటితో, కొబ్బరి పీచుతో రుద్ది కడిగి ఆరనివ్వాలి. కొత్త రేకుపై నూనె జిడ్డు ఉంటుంది.
2. సన్నని ఎమ్రీ కాగితంతో మెరుపు పోయేంతే రుద్దాలి, పూత పోయేంత కాదు.
3. ఎచ్ ప్రైమర్ (జింకు పూతను పట్టుకునే తొలి రంగు) ఒక పలుచని పూత.
4. అది ఆరాక ఎనామిల్ రెండు పూతలు.

వేసిన తరువాత ఒక ముక్క మీద బ్లేడుతో గళ్లు గీసి, టేపు అంటించి గట్టిగా లాగి చూశాను. పాత పద్ధతి ముక్కలో సగం గళ్లు టేపుతో వచ్చాయి. ఎచ్ ప్రైమర్ వేసిన ముక్కలో ఒక్కటీ రాలేదు. రెక్కలకు పసుపు, పచ్చ రంగులు ఒకటి విడిచి ఒకటి వేశాను. రంగు బరువు కూడా తేడా తెస్తుంది కాబట్టి తూకం మళ్లీ సరిచూసుకోవాలి.

రంగు పని రూ. 1,220. మొత్తం రూ. 11,724.

దశ 9: నిలబెట్టాక

తరువాతి ఆషాఢపు గాలుల్లో తీసిన కొలతలు ఇవి. సెకనుకు 5 మీటర్ల గాలికి నిమిషానికి 112 చుట్లు. లెక్క ప్రకారం 126 రావాలి. 8 మీటర్లకు 183, లెక్క 202. బేరింగుల రాపిడి, రెక్కలను వెనక్కి పట్టే గాలి కలిసి పదింట ఒక వంతు తీసుకుంటున్నాయి. ఎక్కడా 300 దాటలేదు. 150 చుట్ల దగ్గర స్తంభం నడుమ సన్నని వణుకు కనిపించింది. ఆ ఎత్తులో నాలుగు వైపులా ఏటవాలు పట్టీలు అదనంగా వేయించాక పోయింది. ఆ పట్టీలకు పటంలో మొదటినుంచే చోటిస్తే రంగు మళ్లీ గీకే పని తప్పుతుంది.

రెక్క కొన నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తులో తిరుగుతుంది, చేయెత్తితే అందేంత. చుట్టూ మీటరు దూరంలో గోరింట కంచె నాటాము.

పాత చక్రాన్ని పారవేయలేదు. మిగిలిన ఆరు రెక్కలకు పగుళ్లు కోసివేసి, పొట్టిచేసి, 40 డిగ్రీల పట్టీలపై బోల్టులతో బిగించి, 70 సెంటీమీటర్ల వ్యాసంతో వరండా మూలకు సిద్ధం చేస్తున్నాను. దానికీ పాత సైకిలు హబ్ వాడడం లేదు.

ఏటా మే నెలలో, గాలులు మొదలయ్యే ముందు, చేయవలసినవి:

1. ప్లమ్మర్ బ్లాకుల నిపిళ్లకు రెండు మూడు పంపుల గ్రీజు. ఎక్కువ కొడితే సీలు బయటికి వస్తుంది.
2. థ్రస్ట్ బేరింగును విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్త గ్రీజు.
3. రెక్కల బోల్టులన్నీ స్పానరుతో సరిచూడడం. ఒకసారి విప్పిన నైలాక్ నట్టును మళ్లీ వాడకూడదు.
4. పట్టీల మెలిక దగ్గర కిరోసిన్, సుద్దతో పగుళ్ల పరీక్ష. గీత కనిపించిన పట్టీని వెల్డు చేయకుండా కొత్తది వేయాలి, తూకం మళ్లీ చూడాలి.